పేరు చెప్పమన్నారు

మా హాలు కప్పుకి ఉన్న స్మోక్ అలారానికి పది నెలల పైన షవర్ క్యాప్ తొడిగి ఉంచాను. ఏదో హోటల్ బాత్రూమ్‌లోంచి తెచ్చిన పల్చటి ప్లాస్టిక్ టోపీ. ఇంటికొచ్చిన తెలుగువాళ్ళు అది చూసి "మాదీ అంతేనండీ, మేం గుడ్డ కట్టాం" అనేవాళ్ళు. ఒకాయనైతే బ్యాటరీ పీకేసి సొరుగులో పడేశానన్నాడు. అందరం నవ్వుకునేవాళ్ళం. పోపు వేసుకునే జాతికి అమెరికాలో ఈ తంటా తప్పదని తీర్మానించేసి భోజనాలకి కూర్చునేవాళ్ళం.

ఆ టోపీ ఎందుకు పడిందో చెప్పాలి. అక్టోబరు నెలాఖరు. చలి మొదలై కిటికీలన్నీ బిగించేశాం. గోంగూర పచ్చడి చేద్దామని మూకుట్లో ఎండుమిరపకాయలు వేసి, ఫోన్లో ఆఫీసు మెసేజీలు చూస్తూ నిలబడ్డాను. మా ఆవిడ ఊళ్ళో లేదు. ఉంటే మాడనిచ్చేది కాదు. ఘాటు గొంతులో పడి తలెత్తి చూసేసరికి మిరపకాయలు బొగ్గులై ఉన్నాయి. అలారం గోల మొదలెట్టింది. తువ్వాలు ఊపాను, ఆగలేదు. దగ్గు తెరలు తెరలుగా వస్తుంటే వీధి తలుపు బార్లా తీసి, పొగనంతా వరండాలోకి తోలాను.

అది తెలియక చేసిన తప్పు. ఇంట్లో అలారం మోగితే ఇంట్లోవాళ్ళ చెవులు చిల్లులు పడతాయి, అంతే. వరండాలో ఉన్నది మాత్రం మా బిల్డింగ్ మొత్తానికి ముడిపెట్టి ఉంది. అది మోగితే నాలుగంతస్తుల వాళ్ళూ దిగిపోవాలి, ఫైరింజను రావాలి. వచ్చింది. దుప్పటి కప్పుకున్న ముసలావిడ, చెప్పుల్లేని ఇద్దరు పిల్లలు, స్నానం మధ్యలోంచి వచ్చిన ఒకాయన... అందరూ చలిలో పార్కింగ్‌లో నిలబడి మా కిటికీ వైపు చూస్తున్నారు. నలుగురు ఫైర్‌మెన్ బరువైన కోట్లు, బూట్లు, వీపున సిలిండర్లతో మెట్ల మీదుగా మూడో అంతస్తుకి వచ్చారు. అలారం మోగినప్పుడు లిఫ్టు వాడరు.

వాళ్ళలో ఒకాయన వంటింట్లోకి రాగానే దగ్గాడు. మూకుడు వైపు చూసి "ఇది తినేదేనా?" అన్నాడు, నవ్వుతూనే. నాకు నవ్వు రాలేదు. సిగ్గుతో ఒళ్ళు మండిపోతోంది. ఎప్పుడు పోతారా అని చూశాను. అంత బరువు మోసుకుంటూ మూడంతస్తులెక్కి వచ్చిన మనుషులని మంచినీళ్ళు కావాలా అని కూడా అడగలేదు. మా ఊళ్ళో గ్యాస్ బండ తెచ్చిన కుర్రాణ్ణి కూడా అడుగుతాం. మర్నాడు అపార్ట్‌మెంట్ ఆఫీసు నుంచి హెచ్చరిక ఉత్తరం వచ్చింది. ఆ సాయంత్రమే కుర్చీ వేసుకుని టోపీ తొడిగాను. అలారం నోరు నొక్కేశాక ప్రాణం హాయిగా అనిపించింది. ఇది తెలిసి చేసిన తప్పు.

మరుసటి సెప్టెంబరులో మెట్లెక్కే కార్యక్రమానికి పేరిచ్చింది ఈ పెద్దమనిషే.

2001 సెప్టెంబర్ 11న న్యూయార్క్‌లో జంట టవర్లు కూలినప్పుడు ఆ నగర అగ్నిమాపక శాఖ వాళ్ళు 343 మంది పోయారు. వాళ్ళ జ్ఞాపకార్థం 2005లో డెన్వర్‌లో ఐదుగురు ఫైర్‌మెన్ ఒక ఎత్తయిన భవనం మెట్లెక్కారు. టవర్లకి ఉన్న అంతస్తుల లెక్క ప్రకారం 110. ఇప్పుడు అమెరికాలో ఎన్నో ఊళ్ళలో ఏటా ఎక్కుతారు. పోగైన డబ్బు విధి నిర్వహణలో చనిపోయిన ఫైర్‌మెన్ కుటుంబాల కోసం పనిచేసే జాతీయ సంస్థకీ, న్యూయార్క్ అగ్నిమాపక శాఖలో మనసు దెబ్బతిన్నవాళ్ళకి సాయం చేసే విభాగానికీ వెళుతుంది. ఎక్కే ప్రతి మనిషి మెడలో ఒక కార్డు వేస్తారు. అందులో ఆ 343 మందిలో ఒకరి ఫోటో, పేరు, పనిచేసిన స్టేషన్ ఉంటాయి. ఎక్కడం పూర్తయ్యాక గంట దగ్గర నిలబడి ఆ పేరు పైకి చదివి, గంట కొట్టాలి. మొత్తం కార్యక్రమం ఇంతే.

నేను పేరిచ్చింది వాళ్ళ కోసమని చెప్పుకున్నాను. నిజానికి మా టీములో కొత్తగా చేరిన కుర్రాడొకడు హాఫ్ మారథాన్ పరిగెత్తి మెడల్‌తో ఫోటో పెట్టాడు, మా డైరెక్టరు దాన్ని మెచ్చుకుంది. నలభై దాటినవాడికి ఆ మాత్రం మంట చాలు. విరాళాల పేజీలో నా ఫోటోయే పెట్టుకున్నాను, చేతులు కట్టుకుని, గడ్డం కాస్త పైకెత్తి. ఏడొందల చిల్లర డాలర్లు వచ్చాయి. "గొప్ప పని చేస్తున్నారు అన్నగారూ" అని తెలిసినవాళ్ళంతా రాస్తే, వినయంగా దణ్ణం బొమ్మలు పెట్టాను.

110 అంతస్తులంటే సుమారు 2,200 మెట్లు. తిరుమలకి శ్రీవారి మెట్టు దారిలో 2,388. అలిపిరి దారిలో 3,550. నేను అలిపిరి నుంచి రెండుసార్లు నడిచి వెళ్ళినవాణ్ణి, ఇదెంత అనుకున్నాను. కొండదారిలో గాలి ఉంటుంది, మధ్యమధ్య చదును ఉంటుంది, మజ్జిగ అమ్మేవాళ్ళుంటారు. కిటికీల్లేని కాంక్రీటు గొట్టంలో ఇవేవీ ఉండవని ఆలోచించలేదు. మా ఊళ్ళో ఎక్కబోయేది 27 అంతస్తుల ఆఫీసు భవనం. నాలుగుసార్లు ఎక్కాలి, ప్రతిసారీ లిఫ్టులో దిగి రావాలి. అక్కడికి 108 అవుతుంది. ఆఖరున ఇంకో రెండంతస్తులు ఎక్కితే గంట ఉన్న హాలు.

108 అనగానే నాకు చిలుకూరు గుడి గుర్తొచ్చింది. వీసా వచ్చాక మొక్కు తీర్చుకోవడానికి వెళ్ళి, అంకెలు అచ్చేసిన కాగితం చేత్తో పట్టుకుని, చుట్టుకో అంకె కొట్టేస్తూ 108 ప్రదక్షిణలు చేశాను. ముందు నడుస్తున్న ముసలాళ్ళని మోచేతుల్తో తప్పించుకుంటూ గంటన్నరలో ముగించి, రికార్డు కొట్టానని స్నేహితులకి చెప్పుకున్నాను. ఆ రోజు దేవుడికి ఏ రంగు పట్టు కట్టారో అడిగితే చెప్పలేకపోయాను.

ఆ శనివారం పొద్దున్న భవనం ముందు ఎక్కేవాళ్ళం 343 మందిమి ఉన్నాం. అందులో సగం మంది చుట్టుపక్కల ఊళ్ళ ఫైర్‌మెన్, పూర్తి సరంజామాతో. కోటు, ప్యాంటు, బూట్లు, హెల్మెట్, గాలి సిలిండర్ అన్నీ కలిపితే 60 పౌండ్ల దాకా, అంటే ఇరవయ్యేడు కిలోలు. మనిషి ఒక బియ్యం బస్తా వీపున వేసుకుని ఎక్కినట్టు. కొందరు గొట్టం చుట్ట కూడా భుజాన వేసుకున్నారు. నా మెడలో కార్డు వేశారు. గుండెల మీద అంటించిన నా నంబరు 217ని దాని వెనక కూడా మార్కర్‌తో రాశారు. మైకులో ఒకాయన "ఎక్కే ముందు ఒక్క నిమిషం మీ కార్డు చదవండి, ఎవరిని తీసుకెళ్తున్నారో చూసుకోండి" అన్నాడు. ఆ నిమిషంలో నేను చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ఫోన్లని వాచీకి కలుపుతున్నాను.

8:46కి మౌనం పాటించారు. ఉత్తరం టవర్‌ని మొదటి విమానం గుద్దిన సమయం అది. మౌనం అవగానే సరంజామా ఉన్నవాళ్ళు ముందు కదిలారు. మా వంతు రాగానే నేను రెండేసి మెట్లు చొప్పున అందుకున్నాను.

మొదటి చుట్టు ఆరు నిమిషాల్లో ఎక్కేశాను. ప్రతి మలుపులో గోడకి కొన్ని ఫోటోలు అంటించి ఉన్నాయి. ఒకావిడ, అరవై ఏళ్ళుంటాయి, ప్రతి ఫోటోనీ వేలితో తాకి ఎక్కుతోంది. దాంతో వెనక జనం ఆగుతున్నారు. నేను లోపలి మూల నుంచి దూరి ఆవిణ్ణి దాటేశాను. అలిపిరి దారిలో మా అమ్మ కూడా అంతే. ప్రతి మెట్టుకీ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాలని మొక్కుకుంది. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. గాలిగోపురం దాకా ఓర్చుకుని, ఇక నావల్ల కాదని, మోకాళ్ళ పర్వతం ముందే ఆవిణ్ణి నాన్నగారికి వదిలేసి పైకి వెళ్ళి పడుకున్నాను.

రెండో చుట్టులో నా అసలు బలం తేలింది. పదో అంతస్తుకే తొడలు ఉడికిన దుంపలయ్యాయి. నూలు బనీను తడిసి ఒంటికి అతుక్కుంది. కార్డు అడుగడుక్కీ ఎగిరి గడ్డానికి కొడుతోంది. ముందు వీపు వైపుకి తిప్పుకున్నాను. అక్కడా కొడుతోంది. మెడలోంచి తీసి, తాడుతో సహా నలిపి, నిక్కరు జేబులో ఫోనుతో పాటు కుక్కాను. అప్పటికీ ఆ ముఖం చూడలేదు.

మూడో చుట్టు పన్నెండో అంతస్తు మలుపులో పూర్తి సరంజామాతో ఒకాయన గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. సిలిండర్ తిప్పి, మాస్కులోంచి ఆ గాలే పీలుస్తూ ఎక్కుతున్నాడు. సరిగ్గా నేను చేరేసరికి ఆయన దగ్గర్నుంచి ఒక కూత మొదలైంది. చిన్నగా మొదలై, పెరిగి, ఆ ఇరుకు గొట్టంలో చెవులు చీల్చేసే కీచు. అచ్చం మా హాల్లోది. అలసటతో ఒళ్ళు తెలియని కోపంలో ఉన్నానేమో, "ఎవరైనా దాన్ని కట్టేస్తారా" అని గట్టిగా అనేశాను.

ఆయన నడుము ఒకసారి అటూ ఇటూ ఊపాడు. కూత ఆగింది. మాస్కు తీశాడు. ఎర్రటి ముఖం, తెల్లబడిన మీసాలు, యాభై దాటి ఉంటాయి.

"సారీ. నేను కదలకపోతే ఇది అరుస్తుంది" అన్నాడు.

ఎక్కుతూ ఎక్కుతూ, ఊపిరి చిక్కినప్పుడల్లా కొంచెం కొంచెం చెప్పాడు. సిలిండర్ పట్టీకి ఒక చిన్న పెట్టె ఉంటుంది. మనిషి ముప్పై సెకన్ల పాటు కదలకపోతే, పడిపోయాడని లెక్కగట్టి అది మోగుతుంది. పొగలో కన్ను కనిపించదు కాబట్టి తోటివాళ్ళు ఆ కూత పట్టుకుని వెతుక్కుంటూ వస్తారు. టవర్లు కూలాక ఆ దుమ్ములో నిలబడినవాళ్ళకి వినిపించింది ఎక్కువగా ఆ కూతలే. ఆ రోజు తీసిన వీడియోల్లో ఇప్పటికీ వినొచ్చు. ఒకటి కాదు, పదుల కొద్దీ, శిథిలాల కింద నుంచి. బ్యాటరీలు అయిపోయేదాకా మోగాయి.

ఏమనాలో తెలియక "మీరు ముందు పదండి" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, "రెయిలింగ్ మీద చెయ్యి వెయ్యి. ఒక్కో మెట్టే. మాట్లాడగలిగినంత వేగంలోనే ఎక్కు" అన్నాడు. తలూపి, సిగ్గుతో మళ్ళీ రెండేసి మెట్లు చొప్పున పారిపోయాను. పంతొమ్మిదో అంతస్తులో ఇక కాళ్ళు లేవలేదు. అక్కడ ఊరికే నిలబడితే అలిసిపోయానని తెలుస్తుందని, సెల్ఫీ దిగే మిషతో ఫోను తీశాను. నవ్వాను. ఫోటో బాగా వచ్చింది.

ఈ కార్యక్రమానికి సిద్ధమయ్యేటప్పుడు టవర్లు కూలిన రోజు గురించి కొంత చదివాను. రెండు టవర్లలోనూ మూడేసి మెట్లదారులుండేవి. వాటిలో రెండు 44 అంగుళాల వెడల్పువే. ఆ సందులోనే కిందికి దిగే వేల మంది ఒక పక్క, పైకెక్కే ఫైర్‌మెన్ ఇంకో పక్క. ఉత్తరం టవర్లో లిఫ్టులు దాదాపు అన్నీ పోయాయి. ఒక్కో అంతస్తు ఎక్కడానికి వాళ్ళకి, మోసే బరువుని బట్టి, సుమారు ఒకటిన్నర నుంచి రెండు నిమిషాలు పట్టిందని ప్రభుత్వ పరిశోధనలో తేలింది. విమానం గుద్దినది తొంభయ్యో అంతస్తు పైన. అంటే పైదాకా నడిచి చేరాలంటే రెండు గంటలకి తక్కువ కాదు. విమానం గుద్దిన 102 నిమిషాలకి ఆ టవరు కూలింది. దక్షిణం టవరుకి 56 నిమిషాలే దక్కాయి.

వాళ్ళందరిలోకీ నాకు పేరుతో సహా గుర్తున్నది ఒక్కడే, బెటాలియన్ చీఫ్ ఓరియో పామర్. ఆయన దక్షిణం టవర్లో ఒక లిఫ్టుని పని చేసేలా చేసి నలభయ్యో అంతస్తు దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి నడిచి, విమానం గుద్దిన 78వ అంతస్తుకి చేరాడు. అక్కడ గాయపడినవాళ్ళ గురించి, మంటల గురించి రేడియోలో కిందికి చెబుతూ ఉన్నాడు. చేరిన కొన్ని నిమిషాలకే, 9:59కి, టవరు కూలిపోయింది. ఆయన మారథాన్లు పరిగెత్తే మనిషి. నాకు గుర్తుండిపోయింది అందుకే. ఆయనలో నన్ను చూసుకుని మురిసిపోయాను. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు, కానీ నిజం.

నాలుగో చుట్టు ఎలా ముగిసిందో చెప్పలేను. రెండంతస్తులు అదనం. తలుపు తీస్తే చల్లటి హాలు, వరసలో జనం, బల్ల మీద ఇత్తడి గంట. పక్కన వాలంటీరు బ్యాడ్జితో ఒక పెద్దావిడ. వరసలో ముందున్నవాళ్ళు ఒక్కొక్కరూ కార్డు ఎత్తి పట్టుకుని పేరు చదువుతున్నారు. గంట మోగుతోంది. హాలంతా ప్రతి పేరుకీ నిశ్శబ్దం అవుతోంది.

నా వంతు వచ్చింది. "పేరు చెప్పండి" అంది ఆవిడ.

జేబులో చెయ్యి పెట్టాను. ఫోను ఉంది. కార్డు లేదు. రెండో జేబులో లేదు. ఫోను తీసి గబగబా పొద్దుటి సెల్ఫీలు తిప్పాను, దేన్లోనైనా కనిపిస్తుందేమోనని. పదకొండున్నాయి. కొన్నిట్లో కార్డు తిరగబడి ఉంది, తెల్లటి వెనకభాగం మీద నా 217 కనిపిస్తోంది. కొన్నిట్లో నా గడ్డం దగ్గరే ఫోటో తెగిపోయింది. ఆయన ఒక్కదాన్లోనూ లేడు. వెనక ఇరవై మంది ఎదురుచూస్తున్నారు.

కార్డు పోయిందని చెప్పొచ్చు. ఎవరూ కొట్టరు. అయినా నోట్లోంచి వచ్చింది "ఓరియో పామర్".

ఆవిడ ఆ పేరు మళ్ళీ పైకి పలికి తల వంచింది. హాలంతా నిశ్శబ్దం. నేను గంట కొట్టాను. కార్డుకి ఒక్కరు. పామర్ కార్డు ఇంకెవరి మెడలోనో ఉండే ఉంటుంది. ఆ పూట ఒక పేరు రెండుసార్లు మోగింది. నా చేత మోగాల్సిన పేరేమిటో నాకు తెలియదు.

పక్కకెళ్ళి అరటిపండు తీసుకుని కుర్చీలో కూలబడ్డాను. తినబుద్ధి కాలేదు. వెళ్ళిపోబుద్ధీ కాలేదు. పాతిక నిమిషాలకి ఆ తెల్లమీసాల ఆయన తలుపు తోసుకుని వచ్చాడు. మెడలో రెండు కార్డులున్నాయి. గంట దగ్గర మొదటిది చదివి కొట్టాడు. రెండోది కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివి కొట్టాడు. ఇటలీ పేరు, పొడుగ్గా ఉంది. తర్వాత దాన్ని వెనక్కి తిప్పి "217 ఎవరు?" అని హాల్లోకి అడిగాడు.

నేనేం చేశానో తెలుసా. చేతులు కట్టుకున్నాను, గుండెల మీదున్న అంకె కనపడకుండా. విరాళాల పేజీలో ఫోటోలో కట్టుకున్నట్టే. రెండోసారి అడిగాక లేచాను.

ఆయన నన్ను గుర్తుపట్టాడు. "కట్టెయ్యమన్నది నువ్వే కదూ" అన్నాడు. కోపంగా అని ఉంటే నాకు కొంత తేలికయ్యేది. కార్డు నా చేతిలో పెట్టి, "మూడో చుట్టు పంతొమ్మిదిలో దొరికాడు" అన్నాడు. దొరికింది అన్నట్టుగా కాదు, ఒక మనిషి దొరికినట్టే అన్నాడు. ఆ తర్వాత లెక్కేసుకున్నాను. నా దగ్గర 73 అంతస్తులు, ఆయన మెడలో 37.

కోటు విప్పడానికి ఆయనకి సాయం పట్టాను. లోపల చొక్కా పిండితే నీళ్ళు కారేలా ఉంది. ఈసారి మంచినీళ్ళు నేనే తెచ్చాను. రెండు సీసాలు ఆగకుండా తాగేశాడు. తన సిలిండర్ మీద అరగంట అని రాసి ఉన్నా, మెట్లెక్కితే ఇరవై నిమిషాలు రావడం కష్టమనీ, అందుకే సగం దారి మాస్కు లేకుండానే ఎక్కాననీ చెప్పాడు. డ్యూటీలో పోయే ఫైర్‌మెన్‌లో మంటల్లో కాలిపోయేవాళ్ళకంటే గుండె ఆగి పోయేవాళ్ళే ఎక్కువట. టవర్ల శిథిలాల్లో పనిచేసి, దుమ్ము పీల్చి, ఏళ్ళ తర్వాత జబ్బులతో పోయిన న్యూయార్క్ వాళ్ళ సంఖ్య 2023 సెప్టెంబరులో 343 అయింది, అంటే ఆ రోజు పోయినవాళ్ళంత మంది మళ్ళీ పోయారు. ఇవన్నీ చెబుతూ చెబుతూ "మీ దేశంలో మీవాళ్ళకి ఇలాంటి రోజు ఉందా?" అని అడిగాడు. లేదన్నాను, ఏమాత్రం తడుముకోకుండా.

లేవబోయేముందు గంట దగ్గర పెద్దావిడ దగ్గరికి వెళ్ళి, నేను చెప్పింది నా కార్డులో పేరు కాదని ఒప్పుకున్నాను. ఆవిడ కొంచెం సేపు నా ముఖంలోకి చూసి, "ఇప్పుడు చదివారా?" అంది. చదివాను. తప్పు పలికాను. ఆవిడ సరిచేసింది. మళ్ళీ తప్పు పలికాను. మధ్యలో ఒక అక్షరం రాస్తారు గానీ పలకరు. మూడోసారికి వచ్చింది. ఆఫీసులో నా పేరుని సగానికి నరికి పిలుస్తున్నారని పన్నెండేళ్ళుగా గొణిగేవాణ్ణి నేను. ఆ కార్డులో ఉన్నాయనకి ముప్పై రెండేళ్ళు. కాస్త నవ్వుతున్నాడు, పక్కనెవరో జోకు వేసినట్టు.

రాత్రి నాన్నగారికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను, పామర్ సంగతి తప్ప. మన దేశంలో అలాంటి రోజు లేదన్నానని చెప్పగానే ఆయన బడి మేష్టారి గొంతు బయటికొచ్చింది. "లేకపోవడమేమిట్రా! ఏప్రిల్ 14 ఏమిటి?"

"అంబేద్కర్ జయంతి."

"అదీ ఉంది, ఇదీ ఉంది. 1944లో అదే రోజున బొంబాయి రేవులో పేలుడు సామాన్లున్న ఓడ తగలబడితే ఆర్పడానికెళ్ళి అరవై ఆరుగురు పోయారు. అందుకే కదా అగ్నిమాపక వారోత్సవాలు. మన బడికి వచ్చేవాళ్ళు కాదూ, డ్రమ్ములో నిప్పు పెట్టి ఆర్పి చూపించడానికి?"

వచ్చేవాళ్ళు. గుర్తొచ్చింది. ఖాకీ నిక్కర్లేసుకుని ఎండలో వరసగా కూర్చోబెడితే, గొట్టంలోంచి నీళ్ళు మా మీద పడాలని ఎదురుచూసేవాళ్ళం. చివరికి హెడ్‌మాస్టరు తడిసిపోయాడు. ఆ ఒక్కటే గుర్తుంది. ఆ వచ్చిన మనుషుల ముఖాలు ఎంత తవ్వినా రావడం లేదు.

వెనక నుంచి అమ్మ గొంతు వినపడింది. "ఈసారి ఎవర్ని వెనక వదిలేసి ఎక్కాడో అడగండి."

నాన్నగారు అడగలేదు. నేను చెప్పలేదు.

మర్నాడు ఆదివారం. కుర్చీ వేసుకుని షవర్ క్యాప్ తీశాను. పది నెలల దుమ్ము జిడ్డుగా వేళ్ళకంటింది. అలారం ఒంటి మీద చిన్న అక్షరాలుంటే అద్దాలు పెట్టుకుని మొదటిసారి చదివాను. పదేళ్ళకోసారి మార్చాలని ఉంది. మాది మారాల్సిన ఏడు దాటి రెండేళ్ళయింది. పక్కనే ఒక బొత్తాం. ఉత్తుత్తి పొగ అయితే అది నొక్కితే చాలు, కొన్ని నిమిషాలు ఊరుకుంటుంది. తువ్వాళ్ళు, గుడ్డలు, టోపీలు, సొరుగులో బ్యాటరీలు... మా తెలుగువాళ్ళందరం కలిసి చేసిన పరిశోధనకి జవాబు ఆ బొత్తాంలో ఉంది. ఈ దేశంలో ఇళ్ళల్లో అంటుకునే మంటలకి మొదటి కారణం వంటే. ఆ మంటల్లో పోయేవాళ్ళలో సగం మందికి పైగా అలారం లేని, ఉన్నా పనిచెయ్యని ఇళ్ళవాళ్ళు. నేను చూసి నవ్వుకున్న ఇళ్ళు, నన్ను చూసి నవ్వుకున్న ఇళ్ళు.

షాపుకి వెళ్ళి కొత్తది తెచ్చాను. పొగకి తప్ప వంట ఆవిరికి తొందరపడని రకం అడిగి తీసుకున్నాను. పొయ్యికి పదడుగుల అవతల ఉండాలని డబ్బా మీద రాసి ఉంది. టేపు పెట్టి కొలిస్తే పాతది ఏడడుగుల్లో ఉంది. అపార్ట్‌మెంట్ ఆఫీసుకి ఫోన్ చేస్తే వాళ్ళ మనిషి సాయంత్రం వచ్చి అవతలికి జరిపి బిగించి వెళ్ళాడు. ఆయనకి కాఫీ ఇచ్చాం.

కార్డుని ఫ్రిజ్ మీద మాగ్నెట్ పెట్టి అంటించాను. మా ఆవిడ వచ్చి చూసి "ఎవరండీ?" అంది. పేరు చెప్పాను. తప్పు పలకలేదు.

"పప్పుకి పోపు పెట్టాలి. కిటికీ తియ్యనా?" అంది.

"నువ్వు పెట్టు. నేను తీస్తా."

మూకుట్లో నూనె కాగింది. ఆవిడ ఎండుమిరపకాయలు తుంచి, ఆవాలు పోసింది. అవి చిటపటలాడుతుంటే ఇద్దరం కప్పు వైపు చూస్తూ నిలబడ్డాం.